సిరంజి మరిగేంతసేపు

మొన్న నరసరావుపేటలో మా వీధి చివరి క్లినిక్కుకు వెళ్లాను. కాళ్ల తిమ్మిర్లకని వారానికొక సూది రాశాడు డాక్టరు. అక్కడ పనిచేసే అమ్మాయి చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఎవరితోనో చీర రంగు గురించి మాట్లాడుతూనే, పొట్లం చింపి, మందు లాగి, దూదితో ఒక రుద్దు రుద్ది, నేను సర్దుకుని కూర్చునేలోగానే పొడిచేసి, "అయిపోయింది మామ్మా, లెగు" అంది. నేను లేవలేదు. కళ్లు మూసుకుని అట్లాగే కూర్చుండిపోయాను. "ఏంది మామ్మా, సూదంటే ఇంత భయమా నీకు? నీకంటే పిలకాయలు నయం" అని నవ్వింది. భయం కాదు తల్లీ, ముప్పయ్యేళ్లకు పైగా ఊరందరికీ సూదులు వేసినదాన్నేనని చెబుదామనుకున్నాను గానీ, నా వెనక ఇంకా ఆరుగురు వరసలో ఉన్నారు. నిజానికి నా చెవులు ఒక మాట కోసం కాచుకుని ఉన్నాయి. సూది దిగే ముందు వినపడవలసిన మాట. అది ఎవరూ అనలేదు. ఇప్పుడెవరూ అనరు.

ఆ మాట గురించి మీకు చెప్పుకోవాలని ఇంటికొచ్చి కాగితం ముందు కూర్చున్నాను. మా ఆయనకు కూడా పూర్తిగా చెప్పని సంగతి ఇది. ఆయన ప్రభువు దగ్గరకు వెళ్లి ఆరేళ్లయింది కనుక, ఇక మీకే చెప్పుకోవాలి.

నా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో సిరంజిలు గాజువి. వాడిన ప్రతిసారీ సిరంజినీ సూదినీ స్టీలు డబ్బాలో వేసి, నీళ్లు పోసి, కిరసనాయిలు స్టవ్వు మీద మరగబెట్టాలి. నీళ్లు తెర్లుతుంటే గాజు గొట్టం డబ్బా గోడలకు తగిలి టకటకమని చప్పుడు చేస్తుంది. నేను మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకున్నాను. అక్కడ మాకు పాఠాలు చెప్పిన పెద్ద సిస్టరమ్మ ఆ చప్పుడు వినిపించినప్పుడల్లా మమ్మల్ని ఓరగా చూసేది. స్టవ్వు మీద నీళ్లు పెట్టిన క్షణం నుంచి సూది చల్లారేదాకా రోగి ఎక్కడికీ పోడు, నీకూ వేరే పని ఉండదు, ఆ కాస్త సమయం దేవుడు నీ చేతికిచ్చినది, దాన్ని వృథా చేస్తే ఆయనకు జవాబు చెప్పాలి అనేది. సువార్త చెప్పడానికి మైకులూ సభలూ అక్కర్లేదని, నీళ్లు మరిగేంతసేపు చాలని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆ నేర్చుకున్నది తప్పని ఈనాటికీ అనుకోను.

పెళ్లయి గురజాల దగ్గర ఒక ఊరికి వచ్చాను. మా ఆయన అక్కడి బడిలో పంతులు, ఆదివారాలు సంఘంలో వాక్యం చెప్పేవారు. ఆ ఊళ్లో నాపరాయి తప్ప మరొకటి కనపడదు. గోడలు నాపరాళ్లు, పైకప్పులు నాపరాళ్లు, గొడ్ల కొట్టంలో అడ్డంగా నిలబెట్టినవీ నాపరాళ్లే. మగవాళ్లు గనుల్లోకి వెళితే ఆడవాళ్లు మిరప చేలకు వెళ్లేవాళ్లు. జ్వరమొచ్చినా, కాలికి రాయి తగిలినా, కాన్పు కష్టమైనా మా వసారాకే వచ్చేవాళ్లు. వచ్చిన మనిషిని బల్ల మీద కూర్చోబెట్టి, స్టవ్వు వెలిగించి, డబ్బా పెట్టి, నేను మొదలుపెట్టేదాన్ని. తప్పిపోయిన కొడుకు కథో, తుఫానులో పడవ కథో, నీళ్లు మరిగేలోగా సగం, చల్లారేలోగా మిగతా సగం. అన్నీ అయ్యాక సూది పట్టుకుని, వాళ్ల జబ్బ మీద ఎడమ చెయ్యి వేసి, కళ్లు మూసుకుని పైకే అనేదాన్ని: "ప్రభువా, చెయ్యి మాత్రమే నాది, బాగుచేసేది నువ్వు." అంతే. ఆ తరువాతే సూది.

మొదట్లో నవ్వుకునేవాళ్లు. కీళ్ల నొప్పులతో వచ్చే ఒక ముసలాయన ఉండేవాడు, బల్ల మీద కూర్చోగానే, "ఏమ్మే, మీ దేవుడికి కాస్త బిరబిరా చెప్పు, మాచర్ల బస్సు పోద్ది" అనేవాడు. ఆయన భార్య ఇంకా గడుసుది, "నీళ్లు మరిగినా మరగకపోయినా నర్సమ్మ మాటలు మాత్రం బాగా మరిగినయ్యి" అనేది. అట్లా అంటూ అంటూనే అలవాటు పడ్డారు. కొన్నాళ్లకు మా సూదికి ప్రార్థన సూది అని పేరొచ్చింది. పక్కూళ్ల వాళ్లు కూడా, పట్నం డాక్టరు వేసిన సూది పనిచెయ్యలేదని, ప్రార్థన సూది వెయ్యమని వచ్చేవాళ్లు. మా ఆయన ఏదైనా ఊరెళ్లి నేను తొందరలో ఉన్న రోజున, "కళ్లు మూసుకోలేదేందమ్మా, మళ్లీ మొదట్నించి చెప్పు" అని చెయ్యి వెనక్కి లాక్కున్నవాళ్లు కూడా ఉన్నారు.

ఇక్కడే నేనొకటి ఒప్పుకోవాలి. నర్సమ్మ నోటి మాట పడితేనే మందు పనిచేస్తుందని వాళ్లు అనుకుంటుంటే, అది అట్లా కాదు, నా నోట్లో ఏమీ లేదు అని చెప్పవలసినదాన్ని. చెప్పలేదు. ఆదివారం సంఘంలో సాక్ష్యానికి లేచి నిలబడి, ఈ వారం ప్రభువు ఫలానా ఇంటి తలుపు తెరిచాడని చెబుతుంటే, ఆడవాళ్లందరూ స్తోత్రం అంటుంటే, నాకు లోపల ఎంతో హాయిగా ఉండేది. ఆ హాయి ఆయనది కాదు, నాది.

మా ఎదురింటి ఆమెను నేను వదినా అనేదాన్ని, ఆమె కూడా నన్ను వదినా అనే పిలిచేది. వాళ్లాయన గనిలో రాళ్లు చీల్చేవాడు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది గలగలా మాట్లాడేది, చిన్నది ఎప్పుడూ అక్క గౌను పట్టుకుని తిరిగేది. వదిన పోలేరమ్మకు మొక్కులు మొక్కే మనిషి. అయినా ఎవరికి సూది వేస్తున్నా చేట చంకలో పెట్టుకుని వచ్చి గుమ్మంలో కూర్చుని, బియ్యంలో రాళ్లు ఏరుతూ నా కథలు వినేది. వింటూ ఊరుకునేది కాదు, అడిగేది. కూతురి కోసం ఒక పరాయి దేశపు తల్లి ప్రభువు వెంటపడి బతిమాలిన సంగతి చెప్పినప్పుడు చేట పక్కన పెట్టేసింది. "ఆమె మీ మతం కాదా?" అంది. కాదన్నాను. "ఐనా ఇన్నాడా?" అంది. విన్నాడు, ఆమె కూతురు బాగైంది అన్నాను. "మంచోడే అయితే" అని మళ్లీ చేట ఒళ్లోకి తీసుకుంది. ఇంకోసారి, నాకు తప్ప మరొకరికి మొక్కకూడదని దేవుడు ఆజ్ఞ ఇచ్చాడని చెప్పాను. ఒకే నోటితో ఇద్దరి పేర్లు పలికితే ఆయన సహించడని కొంచెం గట్టిగానే చెప్పాను, ఎందుకంటే ఆ వారమే ఆమె పెద్దపిల్ల మెడలో తాయెత్తు కట్టింది. వదిన రాళ్లు ఏరుతూ కూర్చుంది. ఆ మాట ఆమె మనసులో ఎక్కడ పడిందో, పడి ఏమైందో నేను అడగలేదు. నీళ్లు మరిగేంతసేపూ మాట్లాడే వంతు నాదే అనుకున్నాను గదా.

తరువాత కొన్నాళ్లకు ప్లాస్టిక్ సిరంజిలు వచ్చాయి. పొట్లం చింపడం, వాడడం, పారెయ్యడం. గురజాల మందుల షాపతను అట్టపెట్టెతో ఇచ్చి, ఇక మీకు మరగబెట్టే బాధ లేదు నర్సమ్మా అన్నాడు. నేనూ సంతోషించాను. కిరసనాయిలు మిగిలింది, చేతులు కాలడం తప్పింది. కథలు మాత్రం పొట్టివయ్యాయి. కొన్నిసార్లు కథ లేకుండా ప్రార్థన ఒక్కటే. జనం ఎక్కువున్న రోజున అది కూడా సగం నోట్లో, సగం గొంతులో.

అట్లాంటి రోజుల్లోనే, ఎండాకాలం ఒక మిట్టమధ్యాహ్నం, వదిన పెద్దపిల్లను భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చింది. వాళ్ల ఇంటి పక్కన పేర్చిన నాపరాళ్ల సందులో ఆ పిల్ల గచ్చకాయలు దాచుకునేది. వాటి కోసం రాయి ఎత్తితే కింద ఎర్రతేలు ఉంది. పిల్లకు ఒళ్లంతా చెమట, చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి, రెండుసార్లు కక్కింది. ఎర్రతేలు చిన్నపిల్లల గుండెను పట్టుకుంటుందని నాకు తెలుసు. వదిన గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే, వెలుగుకు అడ్డం రావద్దు అని కసిరాను. పొట్లం చింపాను, నొప్పి తగ్గే మందు లాగాను, కుట్టిన వేలి మొదట్లో వేశాను, ట్రాక్టరు కోసం మనిషిని పంపాను. రాళ్ల ట్రాక్టరు వచ్చింది. పిల్లను చీరలో చుట్టి ఎక్కించాం. వాళ్ల నాన్న గని నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి దారిలో ఎక్కాడు.

వసారా ఖాళీ అయింది. కింద పడిన పొట్లం ముక్కలు ఏరుతూ ఉంటే నా చెయ్యి ఆగిపోయింది. ఆ మాట నేను అనలేదు. పైకీ అనలేదు, లోపలా అనలేదు. పిల్ల జబ్బ మీద ఎడమ చెయ్యి వెయ్యనే లేదు.

అక్కడే మోకాళ్ల మీద పడ్డాను. ఎంతసేపు ఉన్నానో తెలియదు. పొద్దు వాలకముందే అదే ట్రాక్టరు తిరిగి వచ్చింది. మోటారు చప్పుడు నెమ్మదిగా రావడంతోనే తెలిసిపోయింది. ఆ వయసు పిల్లకు ఎర్రతేలు కుడితే ఎవరూ చేయగలిగింది పెద్దగా లేదని, నేను వేసిన మందులో తప్పేమీ లేదని ఆసుపత్రి డాక్టరు మా ఆయనతో చెప్పాడట. మా ఆయన నన్ను ఓదార్చడానికే ఆ మాట చెప్పారు. నా బాధ మందు గురించి కాదని ఆయనకు తెలియదు.

పెద్దకర్మ అయిన మర్నాడు వదిన వచ్చింది. చేట లేదు చేతిలో. గుమ్మంలో కూర్చుని, నా వైపు చూడకుండా అడిగింది.

"వదినా, ఆ రోజు సూదేసేటప్పుడు పెబువుకు చెప్పావా?"

చెప్పలేదని నాలుక చివరిదాకా వచ్చింది. అంతలోనే ఊరంతా కళ్ల ముందు కనపడింది. ప్రార్థన లేని సూది వేసింది, పిల్ల పోయింది అంటారు. ఇన్నేళ్లు నేను చెప్పినదంతా మట్టిలో కలిసిపోతుంది. "చెప్పాను వదినా, మనసులో చెప్పుకున్నాను" అన్నాను. ప్రభువు పేరు చెడకూడదనే అట్లా అన్నానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. చెడకూడదనుకున్నది నా పేరేనని ఒప్పుకోవడానికి సగం జీవితం పట్టింది.

వదిన తల ఊపింది. "అట్నా" అని లేచి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఆమె మా గుమ్మంలో కూర్చోలేదు. కోపం లేదు, పలకరింపు మానలేదు, పండక్కి అరిసెలు పంపడం మానలేదు. నేను కథ మొదలుపెడితే మాత్రం ఏదో పని గుర్తొచ్చినట్టు లేచేది. బిడ్డను తీసుకున్నాడని దేవుడి మీద అలిగిందనుకున్నాను. ఆమె మనసు మెత్తబడాలని ఉపవాసాలు చేశాను. ఉపవాసంలో కూడా ఆ అబద్ధాన్ని ప్రభువు ముందు తిన్నగా పెట్టలేదు, అటు తిప్పి ఇటు తిప్పి పెట్టాను.

కొన్నేళ్లకు, చిన్నకూతురి పెళ్లినాడు రెండోసారి అడిగింది. పందిట్లో అందరూ భోజనాల దగ్గర ఉండగా, నా ముంజెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లి, అవే మాటలు. "నిజంగా చెప్పావు గదా వదినా?" అంది. చెప్పాను అన్నాను. ఆమె మొహంలో ఏదో దీపం మళ్లీ ఆరిపోయినట్టయింది. చెప్పానంటే ఊరట పడాలి గదా, ఎందుకట్లా వాడిపోయిందో నాకు అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది.

తరువాత మేము నరసరావుపేట వచ్చేశాం. వాళ్లాయన రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు, వదిన రాజుపాలెంలో చిన్నకూతురి దగ్గర చేరింది. కిందటి వేసవిలో ఆ కూతురు ఫోను చేసింది. "అత్తా, అమ్మ మంచాన పడింది. నిన్నొకసారి రమ్మంటంది. అత్తతో పనేందే అంటే చెప్పదు" అంది. ఎందుకు పిలిచిందో నాకు తెలుసు. ప్రభువును ఎరగనని ఆయన శిష్యుడే మూడుసార్లు బొంకిన సంగతి లేఖనాల్లో చదివినవాళ్లకు, రెండుసార్లు బొంకాక మూడోసారి అడగబోతున్నారంటే ఎట్లా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. రాజుపాలెం దాకా బస్సులో ఒకటే ప్రార్థన, నా నోటిని ఈసారి నాకు వదిలెయ్యవద్దని.

మంచంలో ఎముకల మూటలా ఉంది వదిన. కూతురు టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. "వచ్చావా, పేటలో బాగా నున్నబడ్డావే" అని నవ్వింది. నేనూ నవ్వాను. తరువాత నా చెయ్యి పట్టుకుని అడగడానికి నోరు తెరిచింది. అడగనివ్వలేదు.

"చెప్పలేదు వదినా" అన్నాను. "ఆ రోజు నేను ప్రార్థన చెయ్యలేదు. మర్చిపోయాను. నీతో రెండుసార్లూ అబద్ధం చెప్పాను."

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టాలని కూడా కోరుకున్నాను. ఆమె కళ్లు మాత్రం పెద్దవయ్యాయి. "అసలు చెప్పనే లేదా? మనసులో కూడా?" అంది. లేదన్నాను. అప్పుడు చెప్పింది, ఆగి ఆగి, గాలి తీసుకుంటూ.

"నువ్వు కళ్లు మూసుకోలేదు. నేను గుమ్మంలోంచి చూస్తానే ఉండా. తొందరలో మర్చిపోయిందేమోలే అని నేనే అన్నా. నువ్వనే మాటే. పెబువా, చెయ్యి మాత్రమే ఆమెది, బాగుచేసేది నువ్వు, అని. పొద్దున్నే పోలేరమ్మకు కుండ పెట్టొచ్చిన నోరది. తర్వాత నువ్వు మనసులో చెప్పుకున్నానంటివి. అప్పుడనిపించింది. నర్సమ్మ మాట ఎప్పుడన్నా తప్పిందా? మధ్యలో నా ఎంగిలి మాట కలిసింది. ఒక నోట్లో ఇద్దరి పేర్లు సహించడని నువ్వే అంటివిగా. నేను నోరు మూసుకుని ఉంటే పిల్ల బతికేదని..."

ముప్పయ్యేళ్లు. ముప్పయ్యేళ్లు ఆ తల్లి తన నోటి మాటే బిడ్డను చంపిందనుకుని బతికింది. రెండుసార్లు అడిగి, చెప్పలేదని అను వదినా, నా మాట ఏ మాటనూ చెడగొట్టలేదని అను, అని నన్ను బతిమాలుకుంది. నేను రెండుసార్లూ నా పేరు కాపాడుకున్నాను.

"నీదొక్కటే వదినా" అన్నాను. "ఆ రోజు ఆ పిల్ల కోసం ఆయన దగ్గరకు వెళ్లిన ప్రార్థన నీదొక్కటే. అది దేన్నీ చెడగొట్టలేదు."

"నాదొక్కటేనా" అంది. వెల్లకిలా తిరిగి పైకి చూసింది. ఆ మొహంలో బరువు దిగడం నేను చూశాను, లేదా చూశానని అనుకుంటున్నాను. తరువాత నా వైపు తిరిగి, చేట పక్కన పెట్టి అడిగిన ఆ పాత గొంతుతోనే, "మరి ఇనలేదేంది వదినా? ఆ పరాయి తల్లిది ఇన్నాడంటివిగా" అంది.

బస్సుల్లో, బావుల దగ్గర, కాన్పు మంచాల పక్కన, ఎవరు ఏమడిగినా జవాబు వెతుక్కోకుండా చెప్పినదాన్ని నేను. ఈ ప్రశ్నకు కూడా మా ఆయన ప్రసంగాల్లోంచి నాలుగు జవాబులు అప్పటికప్పుడు గుర్తొచ్చాయి. ఒక్కటీ నోటికి తెచ్చుకోలేదు. నాకు తెలియదు వదినా అన్నాను. నమ్మకం పోయి అనలేదు, ఆయన ఉన్నాడనీ విన్నాడనీ నేను ఈనాటికీ నమ్ముతున్నాను. ఎందుకు ఊరుకున్నాడో మాత్రం నాకు తెలియదు.

"పోనీలే, ఇప్పుడు చెప్పు" అంది. ఎవరి కోసమన్నాను. "దాని కోసమే. అప్పుడు చెప్పాల్సింది."

మా సంఘంలో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించరు. అది సరికాదని నేనే ఎందరికో బోధించాను. అయినా ఆమె జబ్బ మీద ఎడమ చెయ్యి వేశాను. చర్మం కింద ఎముక తప్ప ఏమీ లేదు. కళ్లు మూసుకున్నాను. "ప్రభువా, చెయ్యి మాత్రమే నాది..." అన్నాను. మిగతా సగం వదినే పలికింది, పోలేరమ్మకు కుండలు పెట్టిన ఆ నోటితోనే. కూతురు టీ గ్లాసులతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

పదిహేను రోజులు తిరక్కుండానే వదిన పోయింది. చివరికి ఆమె ప్రభువును నమ్మిందా అని మా సంఘంలో ఇద్దరు ముగ్గురు అడిగారు. నేను ఆమెను అడగలేదని చెప్పాను. జీవితంలో నేను అడగకుండా లేచి వచ్చిన మంచం అదొక్కటే.

ఇప్పుడు మా సంఘం పిల్లలు తెల్లవారకముందే ఫోనులో వాక్యం పెడతారు, ఒక్క వేలి తాకిడితో ఎన్నో ఇళ్లకు చేరుతుంది. మంచిదే, నేను తప్పు పట్టను. కానీ ఎదురుగా కూర్చుని, బియ్యంలో రాళ్లు ఏరుతూ, అడ్డు ప్రశ్నలు వేసే మనిషి అందులో ఉండదు. నీళ్లు మరిగేంతసేపు ఇద్దరు మనుషులు ఒకచోట కదలకుండా ఉండవలసిన అవసరమే ఇప్పుడు లోకంలో లేకుండా పోయింది. ఉన్న రోజుల్లో ఆ సమయమంతా నేనే మాట్లాడేశాను.

పొద్దున్నే మా కోడలు మనవడి డబ్బా కోసం కోడిగుడ్లు ఉడకబెడుతుంది. నీళ్లు తెర్లే వేళకు గుడ్లు గిన్నె గోడలకు తగిలి టకటకమంటాయి, అచ్చం గాజు సిరంజిలాగా. నేను వెళ్లి పొయ్యి దగ్గర నిలబడతాను. ఏమీ మాట్లాడను. ఎవరో గుమ్మంలో కూర్చున్నట్టు, ఏదో అడగబోతున్నట్టు ఉంటుంది. వింటూ ఉంటాను. "గుడ్లు పగిలిపోతున్నయ్యి అత్తయ్యా, పొయ్యి కట్టెయ్యొచ్చుగా" అని కోడలు వచ్చి కట్టేసేదాకా, అట్లాగే వింటూ ఉంటాను.